మూరెడు గోడల ఇంట్లో అందరికీ ఒకే లాగిన్: ప్రాజెక్టు డైరీ

ఇంట్లో మనుషులం ఎనిమిది మందిమి, సర్వర్ కాక కంప్యూటర్లు ఐదు. ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తన పేరు, తన పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్లాలి, తన ఫైళ్లు తన ముందు ఉండాలి. అనుకున్న పని ఇంతే. నాలుగు డెస్క్‌టాపుల్లో డెబియన్ 12 అనే లినక్స్ ఉంది, మరదలి ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంది. సర్వర్‌గా మొదట ఒక పాత డెస్క్‌టాప్‌నే వాడాను. ఇల్లు హన్మకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర ఉంది. ముందు భాగం తాతల నాటి డంగు సున్నం గోడల పెంకుటిల్లు, వెనుక భాగం తర్వాత కట్టిన స్లాబు, దాని మీద తమ్ముడి వాటా. ఇంటి కట్టుబడి గురించి ఇంతగా చెప్పడానికి కారణం మొదటి దశలోనే తెలుస్తుంది.

ప్రతి దశ చివర అప్పటివరకు అయిన ఖర్చును, పట్టిన గంటలను రాశాను. ఖర్చులో వృథా అయినదీ కలిసే ఉంది.

1వ దశ: తీగ (2024 ఏప్రిల్ 20 – మే 5)

లాగిన్ల సంగతి ముట్టుకోకముందు వైఫై ఎంత వేగం ఇస్తుందో కొలిచాను. ఐపెర్ఫ్3 అనే సాధనాన్ని ఒక్కో గదిలో 30 సెకన్ల చొప్పున మూడుసార్లు నడిపి మధ్య విలువను తీసుకున్నాను. రౌటర్ ఉన్న హాలులో సెకనుకు 212 మెగాబిట్లు, ఒక గోడ అవతల పిల్లల గదిలో 38, మేడ మీద 17 వచ్చాయి. రెండు గోడల అవతల ఉన్న బాపు గదిలో 6 వచ్చింది, అది కూడా మధ్యమధ్య తెగిపోతూ వచ్చింది. టేపు పెట్టి కొలిస్తే గోడ మందం 18 అంగుళాలు, అంటే అక్షరాలా మూరెడు. ఒక్కొక్కరి ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ నెట్‌వర్కు మీదుగా రావాలంటే ఈ వేగాలు చాలవని తేలింది కాబట్టి తీగ లాగక తప్పలేదు.

మొదట కొన్న తీగ మీటరుకు 14 రూపాయలకే వచ్చింది. కొసకు జాక్ బిగించడానికి క్రింప్ చేస్తున్నప్పుడు దాని లోపలి పోగులు పుటుక్కున విరిగాయి. చాకుతో గీరి చూస్తే పైన రాగి పూత, లోపల తెల్లటి అల్యూమినియం కనిపించాయి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగకు నిరోధం ఎక్కువ, వంపుల దగ్గర త్వరగా విరుగుతుంది, గోడలో పూడ్చిన తర్వాత దాన్ని బయటికి తీయడం ఇంకో పెద్ద పని. 40 మీటర్లు పక్కన పడేసి, మీటరుకు 28 రూపాయల చొప్పున అచ్చమైన రాగి క్యాట్6 తీగ 60 మీటర్లు తెచ్చాను. కొనే ముందు అంగడిలోనే ఒక కొసను గీరి చూపించమని అడగడం ఇప్పుడు అలవాటైంది. అంగడివాళ్లు మొహం ముడుచుకుంటారు, అయినా చూపిస్తారు.

మంచి తీగ వేసిన తర్వాత కూడా బాపు గదిలో వేగం 94 దగ్గరే ఆగిపోయింది. 94 అన్న సంఖ్యే కారణం చెప్పింది, ఎందుకంటే 100 మెగాబిట్ల లింకు మీద ఐపెర్ఫ్ చూపే అంకె దాదాపు అదే. లింకు వేగం చూపే ఈథ్‌టూల్ అన్న ఆదేశంతో అడిగితే లింకు 100 దగ్గరే కుదిరిందని చెప్పింది. తీగలో నాలుగు జతల పోగులు ఉంటాయి. 100 మెగాబిట్లకు వాటిలో రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఆ మిగతా రెండు జతల్లో ఒకటి చెడినా లింకు తెగదు, అందుకే చాలామందికి అనుమానమే రాదు. వేగం మాత్రం పదో వంతుకు పడిపోతుంది. టెస్టర్ పెడితే 4వ, 5వ దీపాలు వెలగలేదు, అంటే నీలం జత జాక్ చివరిదాకా చేరలేదు. ఆ కొసను కోసి మళ్లీ క్రింప్ చేశాక 941 వచ్చింది.

రెండు కొసలకూ నేను వాడిన వరుస ఇది:

1. పై తొడుగును మూడు సెంటీమీటర్లు ఒలిచి, పోగుల మీద గాటు పడలేదని చూసుకోవాలి.
2. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అనే వరుసలో పోగులను సాపు చేయాలి.
3. కొసలను ఒకే మట్టానికి కోయాలి. నా తప్పు ఇక్కడే జరిగింది, నీలం పోగులు రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉన్నాయి.
4. జాక్‌లోకి తోసి, పారదర్శకమైన ముందు వైపు నుంచి ఎనిమిది రాగి చుక్కలూ కనిపిస్తేనే క్రింపర్ నొక్కాలి.
5. టెస్టర్ పెట్టాలి, ఆ తర్వాత ఈథ్‌టూల్‌లో 1000 అని చూడాలి. టెస్టర్ దీపాలు వెలిగినంత మాత్రాన నమ్మకూడదు.

మేడ మీదికి వెళ్లే తీగను మొదట డాబా అంచు వెంట బయటినుంచి తీసుకువెళ్లాను. నాలుగో రోజున కోతుల గుంపు వచ్చి దాన్ని ఊయల చేసుకుంది. పైపులో పెట్టి మళ్లీ వేయవచ్చు కానీ, బయటి తీగకు పిడుగుల భయం కూడా ఉంటుంది కాబట్టి మెట్ల గది లోపలినుంచే కేసింగ్ వేసి లాగాను. పొడవు 27 మీటర్లు అయింది. ఈ రకం తీగకు హద్దు 100 మీటర్లు కనుక ఇబ్బంది లేదు. సున్నం గోడకు రంధ్రం వేయడానికి ఇంట్లో ఉన్న డ్రిల్లు బిట్టు పొడవు చాలలేదు. మేస్త్రీని పిలిపించి మూడు రంధ్రాలు వేయించాను.

వృథా అయిన తీగ 560, మంచి తీగ 1,680, జాకులు 240, క్రింపర్ 450, టెస్టర్ 250, 8 పోర్టుల గిగాబిట్ స్విచ్ 1,750, కేసింగ్ 320, మేస్త్రీ కూలి 600.

ఇప్పటివరకు: 5,850 రూపాయలు, 14 గంటలు.

2వ దశ: సంఖ్యలు (మే 8 – 19)

ఈ మొత్తం పనిలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఈ దశలో ఉంది. తొందరలో ఉన్నవారు మిగతావి వదిలేసినా దీన్ని చదవాలి.

లినక్స్‌లో ఫైలు మీద యజమాని పేరు ఉండదు, యజమాని సంఖ్య ఉంటుంది. తెరమీద కనిపించే పేరు, ఆ సంఖ్యను ఆ కంప్యూటర్‌లోని జాబితాలో వెతికి తెచ్చినది మాత్రమే. డెబియన్ వేసేటప్పుడు సృష్టించిన మొదటి వ్యక్తికి 1000 అన్న సంఖ్య వస్తుంది. బాపు కంప్యూటర్‌లో 1000 అంటే బాపు, పిల్లల గదిలో 1000 అంటే బిడ్డ, నా దాంట్లో 1000 అంటే నేను. మూడు కంప్యూటర్లు విడివిడిగా ఉన్నంతకాలం దీనితో ఏ చిక్కూ లేదు.

నేను సర్వర్‌లో, దాని ఫోల్డర్లను నెట్‌వర్కు మీదుగా అందించే ఎన్‌ఎఫ్‌ఎస్ పెట్టి, మూడింటి ఫైళ్లనూ దానిమీదికి మోసి, ప్రతి కంప్యూటర్‌లోనూ మౌంట్ చేశాను, అంటే సొంత ఫోల్డర్‌లా కనిపించేలా తగిలించాను. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ అనుమతులను సంఖ్యతోనే చూస్తుంది కాబట్టి మూడు 1000లూ దానికి ఒక్కరే అయ్యారు. మరునాడు పొద్దున బాపు పిలిచారు.

"ఏం రా, బిడ్డ కాలేజీ కాయితాలు నా దాంట్ల ఎందుకున్నయి? నేను ముట్టలే, నువ్వే సూడు."

ఆయన ముట్టకపోవడం మా అదృష్టం. ఆ ఫోల్డర్ మొత్తాన్ని చెరిపేసే అధికారం కూడా ఆయనకు వచ్చి ఉంది, అలాగే బిడ్డకు ఆయన పింఛను కాగితాల మీద అధికారం వచ్చింది.

దాన్ని సరిచేయబోయి ఇంకో తప్పు చేశాను. సర్వర్ మీద 1000 సంఖ్య ఉన్న ఫైళ్లన్నిటినీ వెతికి నా కొత్త సంఖ్యకు మార్చమని ఒకే ఆదేశం ఇచ్చాను. ఒకే కుప్పలో ఉన్న మూడు 1000లలో ఏది ఎవరిదో చెప్పే ఆనవాలు ఫైలు మీద ఉండదు. అర నిమిషంలో 41,318 ఫైళ్లు నా పేరు మీదికి వచ్చాయి. పాత డిస్కులను అప్పటికి చెరపలేదు కాబట్టి గట్టెక్కాను. సర్వర్ మీది కుప్పను పూర్తిగా తీసేసి, మొదటినుంచి ఈ వరుసలో చేశాను:

1. మొదట కాగితం మీద సంఖ్యలు రాసుకున్నాను: బాపు 10001, అమ్మ 10002, నేను 10003, నా భార్య 10004, బిడ్డ 10005, కొడుకు 10006, తమ్ముడు 10007, మరదలు 10008. ఉమ్మడి సమూహానికి 20000 ఇచ్చాను. 1000 దరిదాపుల్లోని సంఖ్యలను కావాలనే వదిలేశాను, ఎందుకంటే రేపు కొత్త కంప్యూటర్ కొంటే అది మళ్లీ 1000 నుంచే మొదలుపెడుతుంది.
2. ఏ కంప్యూటర్‌లోని ఫైళ్లను ఆ కంప్యూటర్‌లోనే, ఆ వ్యక్తి లాగిన్ అయి లేనప్పుడు, కొత్త సంఖ్యకు మార్చాను. లింకుల వెంట పడి వేరే చోటి ఫైళ్లను మార్చకుండా యజమానిని మార్చే చౌన్ ఆదేశానికి దానికి తగ్గ ఐచ్ఛికాన్ని ఇచ్చాను.
3. మార్చిన తర్వాత 1000 సంఖ్యతో ఇంకేమైనా మిగిలాయా అని వెతికాను. బాపు కంప్యూటర్‌లో తాత్కాలిక ఫోల్డర్‌లో, క్రాన్ ఫోల్డర్‌లో 9 దొరికాయి.
4. ఫైళ్లను నకలు చేసే ఆర్‌సింక్‌తో సర్వర్‌కు మోశాను. ఆర్‌సింక్ మామూలుగా పేరును బట్టి యజమానిని సరిపోల్చుతుంది. సంఖ్యలనే యథాతథంగా ఉంచమని విడిగా చెప్పాలి. చెప్పకపోతే పడిన కష్టమంతా నీళ్లపాలే.
5. రెండు చోట్లా ఫైళ్లను లెక్కపెట్టాను: బాపువి 6,240, బిడ్డవి 11,905, నావి 23,173. కూడితే 41,318 సరిపోయింది.

ఇంకొక మాట. ఎన్‌ఎఫ్‌ఎస్ ఈ పద్ధతిలో క్లయింటు (సర్వర్‌ను వాడుకునే) కంప్యూటర్ చెప్పిన సంఖ్యను నమ్ముతుంది. ఏదైనా కంప్యూటర్‌లో రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) అధికారం ఉన్నవారు తాము 10001 అని చెప్పుకోగలరు. ఎవరు ఎవరో రుజువు అడిగి చూసే కెర్బరోస్ పెడితే ఈ లొసుగు పోతుంది. కానీ దాన్ని నడపడం, చెడితే బాగుచేయడం నా ఒక్కడి మెడకే చుట్టుకుంటుంది, ఇంట్లోవాళ్ల నడుమ ఆ కాపలా అక్కర్లేదు. పిల్లల ఖాతాలకు రూట్ అధికారం అందించే సుడో తీసేసి, సర్వర్ తలుపును మా ఐదు చిరునామాలకే తెరిచి, అక్కడితో ఆగాను. వచ్చిపోయేవాళ్లు ప్లగ్ పెట్టుకునే చోటయితే నేను ఇలా ఆగను.

ఇప్పటివరకు: 5,850 రూపాయలు, 25 గంటలు.

3వ దశ: పేర్ల జాబితా ఒక్కచోట (మే 20 – జూన్ 12)

సంఖ్యలు కుదిరాయి కనుక, ఐదు చోట్లా అదే జాబితాను చేత్తో రాసినా పని నడుస్తుంది. పాస్‌వర్డు మార్చిన రోజున మాత్రం ఐదు చోట్లా మార్చాలి. దీనికి సన్ మైక్రోసిస్టమ్స్ 1980లలో తెచ్చిన ఎన్‌ఐఎస్ అన్న పాత పద్ధతి ఉంది, పెట్టడం తేలిక. కానీ అది పాస్‌వర్డుల సంకేత రూపాలను నెట్‌వర్కు మీద అడిగినవారికల్లా ఇచ్చేస్తుంది. అందుకని సర్వర్‌లో పేర్ల జాబితాను ఉంచే ఓపెన్ఎల్‌డీఏపీ, క్లయింట్లలో ఆ జాబితాను అడిగి లాగిన్ సరిచూసే ఎస్‌ఎస్‌ఎస్‌డీ పెట్టాను.

నాలుగు చోట్ల పడ్డాను. పడిన వరుసలోనే రాస్తున్నాను.

మొదటిది పేరు. ఇంటి నెట్‌వర్కుకు డాట్ లోకల్ అన్న తోకను ఎంచుకున్నాను. రౌటర్‌లో సర్వర్ పేరు నమోదు చేసినా క్లయింట్లకు అది దొరకలేదు. డాట్ లోకల్ అన్న తోకను, కంప్యూటర్లు పేర్లను తమలో తామే అడిగి తెలుసుకునే మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ వాడుకుంటుంది. డెబియన్ డెస్క్‌టాప్‌లో ఆ తోకతో వచ్చిన పేరును అది ముందుగా తీసుకుని, దొరకకపోతే లేదని అక్కడే ముగించేస్తుంది. రౌటర్‌ను అడగనే అడగదు. ఇళ్ల కోసమని 2018లో హోమ్ డాట్ ఆర్పా అన్న పేరును ప్రత్యేకంగా కేటాయించారు. దానికి మార్చగానే పేరు దొరికింది.

రెండవది సర్టిఫికెట్. గుప్తీకరణ లేని దారిలో పాస్‌వర్డును పంపడానికి ఎస్‌ఎస్‌ఎస్‌డీ ఒప్పుకోదు, అది మంచిదే. ఇంట్లోనే ఒక ధ్రువీకరణ సంస్థను సృష్టించి, దాని సంతకంతో సర్వర్‌కు, తాను అసలైనదేనని రుజువు చూపే రెండేళ్ల సర్టిఫికెట్ చేశాను. ఎల్‌డీఏపీకి దాన్ని చూపించబోతే 80వ నంబరు లోపం వచ్చింది. ఆ సందేశంలో ఉన్నదల్లా అమలుకు సంబంధించిన లోపం అన్న మాట మాత్రమే, అది ఎవరికీ ఏమీ చెప్పదు. ఒక సాయంత్రమంతా సర్టిఫికెట్‌ను మళ్లీ మళ్లీ చేశాను. సర్టిఫికెట్‌లో తప్పేమీ లేదు. దాని రహస్య తాళం ఫైలును రూట్ మాత్రమే చదవగలిగేలా పెట్టాను, ఎల్‌డీఏపీ సర్వర్ నడిచేది వేరే వినియోగదారు కింద. ఆ వినియోగదారు ఉన్న సమూహానికి చదివే అనుమతి ఇవ్వగానే పని జరిగింది.

మూడవది మళ్లీ సర్టిఫికెట్టే, కానీ నా బద్ధకం. క్లయింటు అమరికలో సర్వర్ పేరుకు బదులు ఐపీ చిరునామా రాశాను. సర్టిఫికెట్‌లో ఉన్నది పేరు. రెండూ పొసగక నిరాకరించింది. పూర్తి పేరు రాశాను.

నాలుగవది హోమ్ ఫోల్డర్. మొదటిసారి లాగిన్ అయినప్పుడు ఫోల్డర్‌ను దానంతట అదే సృష్టించే మాడ్యూల్ ఒకటి, లాగిన్‌లను నడిపే పామ్‌లో ఉంది. దాన్ని పెట్టుకుంటే అనుమతి లేదన్న సందేశం వచ్చింది. ఫోల్డర్‌ను సృష్టించేది క్లయింటులోని రూట్. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మాత్రం బయటి రూట్‌ను రూట్‌గా గుర్తించకుండా 65534 సంఖ్య ఉన్న అనామకుడిగా మార్చేస్తుంది. ఆ కాపలాను తీసేయమని వెతికిన చోటల్లా సలహా దొరికింది. నేను తీయలేదు. ఎనిమిది మందికి ఎనిమిది ఫోల్డర్లు సర్వర్ మీద చేత్తో చేయడానికి పట్టింది నాలుగు నిమిషాలు, దానికోసం కాపలా ఎత్తేయడం దండగ.

చివరికి నిలిచిన వరుస:

1. సర్వర్‌లో ఖాతా, సంఖ్య, సమూహం, హోమ్ ఫోల్డర్ దారి నమోదు చేయాలి. లాగిన్ పేర్లను ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే ఉంచాలి. పూర్తి పేరు తెలుగులో ఉండవచ్చు, లాగిన్ తెర మీద బాగానే కనిపించింది.
2. హోమ్ ఫోల్డర్‌ను సర్వర్‌లోనే సృష్టించి, సంఖ్యను రాసి, ఇతరులకు మూసేయాలి.
3. క్లయింటుకు ఇంటి ధ్రువీకరణ సంస్థ సర్టిఫికెట్‌ను ఇవ్వాలి.
4. ఎస్‌ఎస్‌ఎస్‌డీ అమరిక ఫైలు రూట్‌ది అయి ఉండాలి, అనుమతి 600 (యజమాని ఒక్కరే చదివి రాయగలిగేది) ఉండాలి. లేకపోతే అది లేవదు.
5. గెట్ఎంట్ ఆదేశంతో పేరు, ఐడీ ఆదేశంతో సంఖ్య సరిగ్గా వస్తున్నాయని చూశాకే లాగిన్ తెర ముందు కూర్చోవాలి. నేరుగా లాగిన్ ప్రయత్నిస్తే తప్పు ఏ మెట్టులో ఉందో తెలియదు.

జూన్ 10న చేసిన సర్టిఫికెట్ నిలిచింది. జూన్ 12న అమ్మ పిల్లల గదిలోని కంప్యూటర్‌లో తన పేరుతో లాగిన్ అయి, తన భజనల ఫోల్డర్ అక్కడే ఉందని చూసి, "ఈడికెట్లొచ్చినయి ఇవి?" అని అడిగింది. జవాబు విననవసరం లేకుండా పాట పెట్టుకుంది.

ఇప్పటివరకు: 5,850 రూపాయలు, 41 గంటలు.

4వ దశ: కరెంటు (జూన్ 14 – జూలై 7)

జూన్ 14 సాయంత్రం గాలిదుమారం లేచింది, కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఫ్యాన్లకు, దీపాలకు, హాలులోని ఒక్క సాకెట్టుకు మాత్రమే ఉంది. రౌటర్, స్విచ్ ఆ సాకెట్టు మీద బతికాయి. బాపు కంప్యూటర్ తన పాత యూపీఎస్ మీద బతికింది. వెనుక గదిలోని సర్వర్ ఒక్కటే ఆరిపోయింది. అందరి ఫైళ్లూ దాంట్లోనే ఉన్నాయి కదా, బాపు తెర అలాగే బిగుసుకుపోయింది.

ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలుగా హార్డ్ మౌంట్ అవుతుంది, అంటే సర్వర్ తిరిగి వచ్చేదాకా ప్రోగ్రాములు ఎదురుచూస్తూ నిలిచిపోతాయి. దాన్ని సాఫ్ట్‌కు మార్చితే కొంతసేపు చూసి లోపం చెప్పి వదిలేస్తుంది. మార్చి చూశాను. మూడు రోజుల తర్వాత కరెంటు మళ్లీ పోయినప్పుడు బాపు రాస్తున్న ఉత్తరం సగానికి తెగి నిలిచింది. ప్రోగ్రామేమో దాచానని చెప్పింది. ఆ రోజే హార్డ్‌కు తిరిగి మార్చాను. తెర బిగుసుకుంటే ఓపిక పట్టవచ్చు, రాసిన ఉత్తరం పోతే ఏం చేస్తాం?

అసలు మందు సర్వర్‌కు సొంత యూపీఎస్. 600 వీఏది తెచ్చి పెడితే, 58 వాట్ల భారం మీద 11 నిమిషాలు నిలిచింది. బ్యాటరీ సగానికి రాగానే సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోయేలా నట్ అన్న ప్రోగ్రామును అమర్చాను. కరెంటు రాగానే తిరిగి లేవడానికి బయోస్‌లో ఆ అమరికను మార్చాను.

లేవడంలో మరో చిక్కు దొరికింది. ఎస్‌ఎస్‌డీ అన్న వేగమైన డిస్కు ఉన్న క్లయింట్లు 22 సెకన్లలో లేస్తాయి, పాత హార్డ్ డిస్కు మీది సర్వర్ 74 సెకన్లు తీసుకుంటుంది. క్లయింటు లేచి మౌంట్ అడిగేసరికి సర్వర్ ఇంకా నిద్రలోనే ఉంటుంది. మౌంట్ విఫలమై, లాగిన్ అయినవారికి ఖాళీ ఇల్లు (హోమ్ ఫోల్డర్) కనిపిస్తుంది. బూటులో మౌంట్ చేయడం మానేసి ఆటోఎఫ్‌ఎస్ పెట్టాను. ఇది ఎవరైనా ఫోల్డర్‌ను ముట్టినప్పుడే మౌంట్ చేస్తుంది, కాబట్టి వరుస ఎలా ఉన్నా ఫరవాలేదు. కానీ ఆటోఎఫ్‌ఎస్ అందరి హోమ్ ఫోల్డర్లూ ఉండే పై ఫోల్డర్ మొత్తాన్నీ కప్పేస్తుంది. అత్యవసరానికని ప్రతి కంప్యూటర్‌లో ఉంచిన స్థానిక ఖాతా ఇల్లు కూడా దాని కిందే ఉండేది, అది మాయమైంది. ఆ ఖాతాల ఇళ్లను వేరే చోటికి మార్చాను. ఈ స్థానిక ఖాతా లేకుండా ఇటువంటి పని ఎవరూ మొదలుపెట్టకూడదు. సర్వర్ చెడిన రోజున లోపలికి వెళ్లే దారి అదొక్కటే.

జూన్ 28న బాపు కంప్యూటర్ ఒక్కటి లాగిన్ నిరాకరించింది. మిగతావన్నీ బాగున్నాయి. పాస్‌వర్డు మార్చాను, ఎస్‌ఎస్‌ఎస్‌డీ నిల్వలు తుడిచాను, తీగ కూడా మార్చాను. మూడు గంటల తర్వాత తెర మూలన తేదీ మీద చూపు పడింది, అది ఏడాది పైగా వెనక్కి ఉంది. యూపీఎస్ కూడా ఆరిపోయిన రాత్రి గడియారం చెదిరింది. పొద్దున ఇంటర్నెట్ లేదు కాబట్టి తనను తాను దిద్దుకోలేదు. ఆ తేదీకి మా సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే సర్వర్‌ను నమ్మలేదు. గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని మల్టీమీటర్‌తో కొలిస్తే 3 వోల్ట్లు ఉండాల్సిన చోట 2.1 ఉంది. 40 రూపాయల బిళ్ల మార్చడంతో కథ ముగిసింది. ఆ తర్వాత రెండు మార్పులు చేశాను: క్లయింట్లన్నీ ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా సర్వర్‌నే అడిగి సమయం తెలుసుకుంటాయి, ఎస్‌ఎస్‌ఎస్‌డీ పాస్‌వర్డును గుర్తుంచుకుని, సర్వర్ దొరకనప్పుడు కూడా లోపలికి రానిస్తుంది.

పాత డెస్క్‌టాప్ రోజంతా 58 వాట్లు తాగితే నెలకు దాదాపు 42 యూనిట్లు. తలుపు మూసిన అల్మరాలో దాని డిస్కు 54 డిగ్రీలకు చేరింది, తలుపు తీసి ఉంచితే 46కు దిగింది. రెండు కారణాలూ కలిసి కాజీపేటలో బండెక్కించాయి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల అంగళ్లుండే సీటీసీలో వాడిన మినీ పీసీ ఒకటి 9,500కు, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ 5,200కు దొరికాయి. కొత్త సర్వర్ 11 వాట్లు తీసుకుంటుంది, అంటే నెలకు 8 యూనిట్లు. అదే యూపీఎస్ మీద ఇప్పుడు 48 నిమిషాలు నిలుస్తుంది. మొదటినుంచీ ఇదే కొని ఉంటే కొన్ని గంటలు కలిసి వచ్చేవి.

యూపీఎస్ 2,900, బిళ్ల 40, మినీ పీసీ 9,500, ఎస్‌ఎస్‌డీ 5,200.

ఇప్పటివరకు: 23,490 రూపాయలు, 52 గంటలు.

5వ దశ: నెమ్మది, ఉమ్మడి ఫోల్డర్, విండోస్ (జూలై 10 – 28)

పాస్‌వర్డు కొట్టినప్పటినుంచి డెస్క్‌టాప్ కదిలేదాకా 14 సెకన్లు పట్టేది. బ్రౌజర్, ఇతర ప్రోగ్రాములు కాష్ (తాత్కాలిక నిల్వ) కోసం వేలాది చిన్న ఫైళ్లను నెట్‌వర్కు మీదుగా రాస్తున్నాయని తేలింది. కాష్ ఫోల్డర్‌ను మాత్రం ఆయా కంప్యూటర్ల సొంత డిస్కులకు మళ్లిస్తే 8 సెకన్లకు తగ్గింది. ఒకే మనిషి రెండు గదుల్లో ఒకేసారి ఫైర్‌ఫాక్స్ తెరిస్తే అది ఇప్పటికే నడుస్తోందని రెండవచోట ఆగిపోతుంది. దీనికి నేను మందు వెతకలేదు. లేచి వెళ్లేటప్పుడు లాగౌట్ కావాలని కాగితం రాసి ప్రతి మానిటర్‌కూ అంటించాను. కొడుకు తప్ప అందరూ పాటిస్తున్నారు.

ఉమ్మడి ఫోటోల ఫోల్డర్‌లో నా భార్య పెట్టిన ఫోటోలను తమ్ముడు కదపలేకపోయాడు. ఫోల్డర్‌కు 2770 అనుమతి ఇస్తే కొత్త ఫైళ్లు ఉమ్మడి సమూహానికి చెందుతాయి, కానీ ఆ సమూహానికి రాసే అధికారం రావాలని లేదు. సర్వర్‌లో ఆ ఫోల్డర్‌కు డిఫాల్ట్ ఏసీఎల్ (కొత్త ఫైళ్లకు వర్తించే అనుమతుల జాబితా) రాశాక కుదిరింది. ముందే ఉన్న ఫైళ్లకు అది వర్తించదు కాబట్టి వాటికి ఆ ఆదేశాన్ని విడిగా ఒకసారి నడపాలి.

మరదలి ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11 హోమ్. హోమ్ ఎడిషన్‌కు డొమైన్‌లో (ఒకే సర్వర్ లాగిన్లు చూసే కంప్యూటర్ల గుంపులో) చేరే వీలు లేదు, అందుకని దానికి ఉమ్మడి లాగిన్ రాదు. విండోస్‌కు ఫోల్డర్లను అందించే సాంబా ద్వారా ఆమె ఫోల్డర్‌ను, ఫోటోల ఫోల్డర్‌ను డ్రైవులుగా ఇచ్చాను. సాంబా పాస్‌వర్డు జాబితా వేరు, కాబట్టి పాస్‌వర్డు మార్చినప్పుడు రెండు చోట్లా మార్చాలి. "రెండు సార్లు ఎందుకు బావా, ఒక్కటే అన్నరు గదా?" అని ఆమె అడిగింది. ఆమె అడిగింది న్యాయమే, నా దగ్గర ఇప్పటికి దీనికి మంచి జవాబు లేదు.

ఇప్పటివరకు: 23,490 రూపాయలు, 58 గంటలు.

6వ దశ: నకళ్లు (ఆగస్టు 3 – 4)

అన్నీ ఒక్కచోట చేరాయంటే పోయినా అన్నీ ఒక్కసారే పోతాయి. 2 టీబీ బయటి డిస్కు 5,600 పెట్టి కొని, ప్రతి రాత్రి 2 గంటలకు ఆర్‌సింక్ నడిచేలా పెట్టాను. ఇక్కడ కూడా సంఖ్యలను యథాతథంగా ఉంచమని చెప్పాను. ఎల్‌డీఏపీ సమాచారాన్ని ఫైళ్లతో పాటు నకలు తీస్తే సరిపోదు, దాన్ని ముందుగా పాఠ్యరూపంలోకి దించాలి. ఆ నకలుతో పాత డెస్క్‌టాప్ మీద మొత్తం సర్వర్‌ను తిరిగి నిలబెట్టి చూశాను. గంటా 50 నిమిషాలు పట్టింది, అందులో 40 నిమిషాలు సర్టిఫికెట్ తాళం నకలులో లేదని తెలుసుకోవడానికి పట్టినవే. ఇప్పుడు దాన్నీ చేర్చాను.

ఇప్పటివరకు: 29,090 రూపాయలు, 61 గంటలు.

సర్వర్ సర్టిఫికెట్ గడువు 2026 జూన్ 10న తీరుతుంది. ఆ తర్వాత ఏ కంప్యూటరూ సర్వర్‌ను నమ్మదు. ఎస్‌ఎస్‌ఎస్‌డీ గుర్తుంచుకున్న పాస్‌వర్డు లేని చోట ఎవరూ లాగిన్ కాలేరు, ఎందుకన్నది తెర మీద ఎక్కడా కనిపించదు. ఆ ఏటి క్యాలెండర్ ఇంకా ఇంట్లోకి రాలేదు కనుక తేదీని అల్మరా తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాసి, దాని కింద అత్యవసర ఖాతా పాస్‌వర్డు ఉన్న కవరు ఏ పెట్టెలో ఉందో రాసి, తమ్ముడిని పిలిచి చూపించాను.